ఒడ్డు మీద గది వద్దు, బరంపురంలో దిగండి

చలికాలం దగ్గర పడగానే హైదరాబాదు నుంచి, వైజాగు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలు, చుట్టాల స్నేహితులు, ఎప్పుడో కలిసి చదువుకున్నవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే: "గోపాల్‌పూర్‌లో సముద్రానికి బాగా దగ్గరగా ఉండే రిసార్టు ఏదండీ?" ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి నన్నడగడం సహజమే. కానీ నా జవాబు వాళ్ళకి నచ్చదు. బరంపురంలో స్టేషన్ దగ్గర గది తీసుకోండి, తెల్లారగట్ల గోపాల్‌పూర్ వెళ్ళి సూర్యోదయం చూసి రండి, మిగతా రోజంతా ఋషికుల్య నది వెంట లోపలికి వెళ్ళండి అంటాను. "బీచ్ చూడ్డానికి వచ్చి ఊళ్ళో ఉండటం ఏమిటి?" అని అటు నుంచి నవ్వు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పగలిగే కారణం కాదు. అందుకే రాస్తున్నాను.

ఇచ్ఛాపురం దాటి, గిరిసోల దగ్గర ఒడిశాలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి చిలికా సరస్సు దక్షిణపు కొస దాకా మా గంజాం తీరం. రెండు వేల ఏళ్ళకు పైబడిన గుర్తులున్న తీరం ఇది. అయితే ఆ గుర్తుల్లో ఇవాళ్టికి మనం వెళ్ళి తాకి చూడగలిగినవి దాదాపు అన్నీ సముద్రానికి ఎడంగా, రాతి నేల మీదో గుట్ట మీదో ఉన్నవే. ఇసుక మీద పెట్టిన రేవులు, పేటలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. కొన్ని మన కళ్ళ ముందే పోతున్నాయి. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా, కొత్తగా వచ్చే ప్రతి రిసార్టుకీ ఆ ఇసుకే కావాలి. ఇది పొరపాటని నా నమ్మకం. ప్రభుత్వాలు పర్మిషన్లు ఇవ్వడంలోనే కాదు, మనం సెలవులు గడిపే పద్ధతిలోనూ ఆ పొరపాటు ఉంది.

ముందు జౌగడ సంగతి చెప్పాలి. ఈ జిల్లాలో ఒక్క చోటే చూపించమంటే నేను తీసుకెళ్ళేది అక్కడికే.

బరంపురం నుంచి పురుషోత్తమపూర్ వైపు సుమారు 35 కిలోమీటర్లు. కోట అన్నారు కదా అని బురుజుల కోసం చూస్తే ఏమీ కనబడదు. పొలాల మధ్య ఒక మట్టికట్ట, దాని మీద ముళ్ళ పొదలు. చెరువు గట్టేమో అనుకుని దాటిపోతాం. ఆ కట్టే ప్రాకారం. లోపల ఒకప్పుడు సమాపా అనే నగరం ఉండేది. ఇప్పుడు వరి పొలాలు, ఒక పల్లె, మధ్యలో ఒక పెద్ద రాతిగుట్ట. పల్లెవాళ్ళు దీన్ని లక్కతో కట్టిన కోటంటారు, పాండవుల లక్క ఇంటి కథ చెబుతారు. రాతి మీద ఉన్నది మాత్రం అశోకుడి ఆజ్ఞలు, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. పైన కప్పు వేసి, చుట్టూ ఇనుప కటకటాలు పెట్టారు.

కటకటాల దగ్గర కాసేపు నిలబడాలి. మొదట బండ మీద గరుకు తప్ప ఏమీ తెలియదు. వెలుతురు పక్క నుంచి పడే సమయంలో చూస్తే గీతలు ఒక్కొక్కటే అక్షరాలవుతాయి. నిట్టనిలువు గీత మీద అడ్డగీత, కూడిక గుర్తు వేసినట్టు ఉన్నది "క". గుండ్రంగా సున్నా చుట్టినట్టు ఉన్నది "ఠ". మన తెలుగు "ఠ" ఇవాళ్టికీ గుండ్రంగానే ఉంది. మనం బడిలో దిద్దిన అక్షరాల పూర్వీకులు ఈ బండ మీద ఉన్నారు. కొన్నిచోట్ల రాయి పొర లేచిపోయి వరసలు మధ్యలో తెగిపోయాయి. తెగని చోట ఉలి మొన తగిలిన లోతు కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకెళ్తే "క" ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి. పది నిమిషాల్లో వాళ్ళే మీకు చూపిస్తారు.

అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల్లో 11, 12, 13 ఇక్కడ లేవు. భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ లేవు. ఆ 13వది కళింగ యుద్ధం గురించినది. లక్ష మంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని తరలించారు, అందుకు నాకు పశ్చాత్తాపంగా ఉంది అని చక్రవర్తి చెప్పుకున్న శాసనం. దూరదేశాల్లో ఆ మాట చెక్కించాడు గాని, దెబ్బతిన్న కళింగంలో చెక్కించలేదు. దాని బదులు ఇక్కడ రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. అవి సమాపాలోని మహామాత్రులకు, అంటే అధికారులకు, ఇచ్చిన ఆదేశాలు. "సవ మునిసా మే పజా", మనుషులందరూ నా బిడ్డలు, అంటాడు. కారణం లేకుండా ఎవర్నీ చెరలో పెట్టొద్దు, హింసించొద్దు అంటాడు. ఇంకోదానిలో సరిహద్దు అవతల ఉన్న, తాను జయించని జనం గురించి చెబుతాడు: రాజు మా విషయంలో ఏం చేయబోతున్నాడోనని వాళ్ళకు బెంగ ఉండొచ్చు, నన్ను చూసి భయపడొద్దని, నన్ను నమ్మమని, నా వల్ల వాళ్ళకు సుఖమే గాని దుఃఖం ఉండదని చెప్పండి.

సరిహద్దు జిల్లాలో బతికే తెలుగువాడిగా ఆ మాటల ముందు నిలబడినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా రెండయింది. బరంపురం, ఛత్రపురం ఇటు వచ్చాయి, టెక్కలి, శ్రీకాకుళం వైపు అటు ఉండిపోయాయి. అప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్ళం రెండు భాషల్లో బతుకుతున్నాం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రెండూ కలిసిపోయిన మాటలు సగం. రెండు వేల మూడువందల ఏళ్ళ కిందట, సరిహద్దు మనిషికి భయం ఉంటుందని, అది పోగొట్టడం అధికారుల పని అని, ఇక్కడే ఒక బండ మీద రాయించారంటే అది మామూలు విషయం కాదు. గోపాల్‌పూర్ వచ్చి రెండు రాత్రులు ఉండి, ఇది చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళను తలచుకుంటే బాధేస్తుంది.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ నగరం సముద్రానికి పాతిక కిలోమీటర్లు లోపల ఎందుకుంది? కళింగం పడవల మీద బతికిన దేశం కదా. నది వెంట చూస్తే అర్థమవుతుంది. వర్షాకాలంలో నిండుగా వచ్చే ఋషికుల్య, ఎండాకాలానికి మొగ దగ్గర, అంటే సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటతో మూసుకుపోయేంత పలచబడుతుంది. మొగ ప్రతి ఏడూ ఒకే చోట ఉండదు. సముద్రం ఇసుకను పక్కకి నెడుతుంటే, నది వేరే చోట తెంపుకుని బయటపడుతుంది. అలాంటి చోట రేవు పెట్టుకోవచ్చు, పడవ దించుకోవచ్చు, నగరం మాత్రం కట్టుకోలేరు. నగరాన్ని ఎగువన, గట్టి నేల మీద కట్టి, నది మీద సరుకు కిందికి దింపుకునేవాళ్ళు. జౌగడకు దగ్గర్లోనే ఋషికుల్య ఒడ్డున గుట్ట మీద తారాతారిణి అమ్మవారు. చైత్రమాసం మంగళవారాల్లో అక్కడ ఇసకేస్తే రాలని జనం. ఆ మెట్లెక్కి పైనుంచి చూస్తే నది వంపు మొత్తం కనిపిస్తుంది. పడవల రాకపోకలు చూసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది.

అటు ఆంధ్రలో వంశధార దగ్గరా ఇదే తీరు. మొగ దగ్గర కళింగపట్నం రేవు, ఎగువన గుట్ట మీద శాలిహుండం స్తూపాలు, ఇంకా ఎగువన గంగ రాజుల రాజధాని శ్రీముఖలింగం. శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తిగారే. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, సవర భాష నేర్చుకుంటూ, ముఖలింగం శాసనాలు తనంతట తాను చదువుకుంటూ తిరిగిన మనిషి. ఆయన తిరిగిన నేల మధ్యలో ఇప్పుడు రాష్ట్రాల గీత ఉంది. ఒడిశా టూరిజంవాళ్ళ దారి గోపాల్‌పూర్‌తో, మహా అయితే సోనాపూర్‌తో ఆగిపోతుంది. ఆంధ్రావాళ్ళది ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. వంశధార నుంచి ఋషికుల్య దాకా ఒకే దేశంగా బతికిన తీరాన్ని ఒకే ప్రయాణంగా చూపించే పటం నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇక ఇసుక మీద పెట్టినవాటి కథ.

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరంలో "పాలూర" అనే చోటు గురించి రాశాడు. తూర్పున ఉన్న బంగారు దేశానికి పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగేది ఆ దగ్గర్నుంచే అన్నాడు. ఋషికుల్యకూ చిలికాకూ మధ్య ఉన్న మా పాలూరే అదని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ రోజు పాలూరు వెళ్తే కొండ ఉంటుంది, పల్లె ఉంటుంది, కాలువ ఉంటుంది. ఆగ్నేయాసియాకు ఓడలు పంపిన రేవు మాత్రం కనబడదు.

దానికి దక్షిణంగా, నది మొగ దగ్గర గంజాం ఊరు. జిల్లాకు పేరిచ్చిన ఊరు. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1768లో ఇక్కడ పోతాగఢ్ కోట మొదలుపెట్టారు, జిల్లా కేంద్రం పెట్టుకున్నారు. 1815లో విషజ్వరాలు వచ్చి ఊరు సగం ఖాళీ అయింది. కచేరీలన్నీ బరంపురం తరలాయి. మళ్ళీ అక్కడికి పెద్దరికం రాలేదు. ఓడల వ్యాపారం కూడా గోపాల్‌పూర్‌కి పోయింది. కోట చుట్టూ ఇప్పుడు చెట్లు కమ్ముకున్నాయి, ఇటుకల్లోంచి రావి మొలకలు వస్తున్నాయి.

గోపాల్‌పూర్ వంతు కూడా వచ్చింది. మా తాతల కాలంలో రంగం, అంటే బర్మా, వెళ్ళడం అంటే గోపాల్‌పూర్‌లో ఓడ ఎక్కడమే. బరువు మోయడానికి, మిల్లుల్లో పని చేయడానికి ఈ జిల్లా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వేలాది మంది తెలుగు, ఒడియా కూలీలు స్టీమర్లలో రంగూన్ వెళ్ళేవారు. జపాన్ బాంబులు పడి ఆ దారి మూసుకుపోయాక రేవు చచ్చిపోయింది. గోడౌన్ల గోడలు, పాత జెట్టీ తాలూకు స్తంభాలు కొన్ని మిగిలాయి. టూరిస్టులు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. అక్కడి నుంచి ఎవరు ఎక్కారో, ఎందుకు ఎక్కారో చెప్పే పలక ఒకటి పెడితే ఎంత బాగుంటుంది! మా ఊరి ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఇంకా రంగం టేకు పెట్టెలు ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డునే 1914లో ఒక ఇటలీ ఆయన పామ్ బీచ్ హోటల్ కట్టాడు. తర్వాత ఒబెరాయ్‌ల చేతికి వెళ్ళింది, చేతులు మారి ఇప్పటికీ నడుస్తోంది. నూరేళ్ళు దాటి నిలిచింది కదా, ఒడ్డు మీద కడితే ఏమైంది అంటారు. నిలిచినదాన్ని చూసినప్పుడు దాని పక్కనే ఉండి పోయినవాటినీ లెక్కలో వేసుకోవాలి. ఆ హోటలు నిలిచిన నూరేళ్ళలోనే రేవు పోయింది, దొరల బంగళాలు చాలావరకు మొండిగోడలయ్యాయి. పైగా ఒక హోటలు, దాని చుట్టూ ఖాళీ ఇసుక, సరుగుడు తోటలు ఉండటం వేరు. ఇసుక తిన్నెల్ని చదును చేసి వరసగా ప్రహరీలు లేపడం వేరు.

తిన్నె ఎందుకు ముఖ్యమో చెబుతాను. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు మా ఒడ్డుని ఏటవాలుగా కొడతాయి. ఆ తోపుడికి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. దారిలో రాళ్ళ గట్టు ఒకటి సముద్రంలోకి వేస్తే ఇసుక దక్షిణం వైపు పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోతకి గురవుతుంది. తుఫాను వచ్చిందంటే కెరటాలు తిన్నెలోని ఇసుకను లాక్కెళ్ళి ముందు పరుస్తాయి, శాంతించాక మెల్లగా తిరిగి తెచ్చి పెడతాయి. తిన్నె ఉంటే ఒడ్డు మళ్ళీ కోలుకుంటుంది. తిన్నె తీసేసి గోడ కడితే కెరటం గోడ పాదాన్ని తవ్వుతుంది, గోడ అయిపోయిన చోట పక్కవాడి నేలను తవ్వుతుంది. దేశం మొత్తం మీద 1990 నుంచి 2018 వరకు తీరాన్ని పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం దాదాపు మూడో వంతు తీరం కోతకు గురవుతోందని తేల్చింది. మా దగ్గర దాన్ని తెలుసుకోవడానికి రిపోర్టు చదవక్కర్లేదు. బహుదా నది మొగ దగ్గర రామయపట్నంలో వీధులే సముద్రంలో కలిసిపోయాయి.

పొడంపేట కథ మరీ దగ్గర నుంచి చూశాను. ఋషికుల్య మొగకు అవతల తెలుగు మత్స్యకారుల పేట అది. ఇక్కడివాళ్ళు నోళియాలంటారు, ఇంట్లో మాట్లాడేది మన ఉత్తరాంధ్ర తెలుగే. సముద్రం ఇళ్ళను తినేస్తుంటే జనాన్ని వెనక కాలనీకి తరలించారు. పాత పేటలో పైకప్పు లేని గోడలు, ఇసుకలో కూరుకుపోయిన గడపలు, సగం విరిగి వాలిన మేడమెట్లు ఉంటాయి. ఒకసారి అక్కడ ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడని అడిగాను, "మీ ఇల్లెక్కడమ్మా?" అని. ఆవిడ గోడల వైపు చూపించలేదు. నీళ్ళ వైపు చేయి చాపింది. "ఆ కెరటం ఇరుగుతున్న కాడ మా ఈది ఉండీది బాబూ. ముందర ఆ ఈది ఎల్లిపోనాది, తరవాత ఈ ఈది ఎల్లిపోనాది. మా మావ కట్టించిన ఇల్లు. నానే దీపం ఎట్టి ఒచ్చీసినాను." ఇంకేమీ అనలేదు. బుట్ట సర్దుకుని చేపలు తిరగేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ పేటవాళ్ళు సముద్రాన్ని ఎరిగినవాళ్ళు. తరతరాలుగా అక్కడే తెప్పలు వేసినవాళ్ళు. వాళ్ళకే నిలవని ఒడ్డు, బయటి నుంచి వచ్చి స్విమ్మింగ్ పూల్ తవ్వేవాళ్ళకి ఎలా నిలుస్తుంది?

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161కి మించిన గ్రామాల్లో పోటు గీత నుంచి, అంటే పోటు నీళ్ళు వచ్చి ఆగే గీత నుంచి, 50 మీటర్లు, మిగతా గ్రామాల్లో 200 మీటర్లు కట్టడాలు నిషేధం. అంతకుముందు 2011 రూల్స్‌లో గ్రామాలకు 200 మీటర్లే ఉండేది. పైగా కొత్త రూల్స్‌లో బీచ్ మీద తాత్కాలిక టూరిజం షెడ్లు పోటు గీతకు 10 మీటర్లు వదిలి వేసుకోవచ్చన్నారు. నా పేచీ మీటర్ల గురించి కాదు. కొలిచేది పోటు గీత నుంచి. మా తీరంలో ఆ గీతే నడుస్తోంది. ఇవాళ 200 మీటర్ల దూరంలో ఉన్న గోడ పదేళ్ళకి ఎంత దూరంలో ఉంటుందో అనుమతి ఇచ్చేవాళ్ళు అడగాలి కదా?

ఉద్యోగాల మాట ఎత్తకుండా ఈ చర్చ చేస్తే అన్యాయం. గంజాం అంటే సూరత్. ఈ జిల్లా నుంచి లక్షల మంది అక్కడి పవర్‌లూమ్‌ల్లో పని చేస్తున్నారు. ఊరికి ఊరు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు మిగిలిన పల్లెలు ఉన్నాయి. నా స్నేహితుడి కొడుకు సూరత్ నుంచి తిరిగొచ్చి గోపాల్‌పూర్‌లో హోటల్లో చేరాడు. రాత్రికి ఇంటికొచ్చి తల్లి చేతి అన్నం తింటున్నాడు. ఆ ఇంట్లో ఆ సంతోషం చూశాక రిసార్టులు వద్దని ఎవరికి చెప్పగలను? నేను వద్దనడం లేదు. ఎక్కడ కట్టాలో, ఎలా కట్టాలో మాట్లాడుతున్నాను. ఊళ్ళో బస చేసిన మనిషి ఆటో ఎక్కుతాడు, టిఫిన్ హోటల్‌కి వెళ్తాడు, జౌగడకి కారు మాట్లాడుకుంటాడు, రంభలో పడవ ఎక్కుతాడు, పట్టుచీర కొంటాడు. నాలుగు గోడల మధ్య ప్యాకేజీ తీసుకున్న మనిషి ఖర్చంతా ఆ గోడల మధ్యే ఉండిపోతుంది.

పాత కట్టడాన్నే హోటల్ చేయొచ్చని రంభ చూపించింది. చిలికా ఒడ్డున గంజాం కలెక్టర్ స్నాడ్‌గ్రాస్ 18వ శతాబ్దం చివర్లో కట్టించిన పెద్ద బంగళా తర్వాత ఖల్లికోట రాజుల భవనమైంది. ఒడియా ప్రాంతాలన్నీ ఒకటి కావాలని పనిచేసిన ఉత్కళ సమ్మిళని అనే సంఘం పుట్టుకకు దారితీసిన సంప్రదింపులు అక్కడే జరిగాయి. చాలాకాలం పాడుబడి ఉన్నదాన్ని బాగుచేసి ఇప్పుడు హోటల్‌గా నడుపుతున్నారు. కొత్తగా ఒక్క తిన్నెనూ చదును చేయక్కర్లేకపోయింది. అక్కణ్ణుంచి పడవలో వెళ్తే బ్రేక్‌ఫాస్ట్ దీవిలో మొండిగోడలు, ఇంకో రాతి దీవి మీద స్తంభం. బరంపురం నుంచి రైల్లో వెళ్తే దారిలో హుమ్మా ఉప్పుమడులు కిటికీలోంచి కనబడతాయి, తెల్లటి కుప్పలు వరసగా. కుడివైపు కూర్చోండి.

తిన్నెల మీద ఇంకో బతుకు కూడా ఉంది. మొగలి డొంకలు. దేశంలో కేవడా అత్తరుకు వాడే మొగలి పువ్వు ఎక్కువగా వచ్చేది మా గంజాం నుంచే, దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మగ పువ్వుకే వాసన. తెల్లవారకముందే ముళ్ళ ఆకుల్లో చేయి పెట్టి కోస్తారు, వాసన ఎగిరిపోకముందే బట్టీకి చేరాలి. ఛత్రపురం వైపు ఒక బట్టీలో చూశాను. రాగి డేగిశాలో పువ్వులు, నీళ్ళు పోసి, మూతకి బట్ట చుట్టి బంకమట్టి మెత్తి, తాడు చుట్టిన వెదురు గొట్టం ద్వారా ఆవిరిని నీళ్ళ తొట్టెలో ముంచిన రాగి కుండలోకి దింపుతున్నారు. పనివాడు తొట్టెలో నీళ్ళు ముట్టుకుని చూస్తూ, వేడెక్కినప్పుడల్లా మారుస్తున్నాడు. గడియారం లేదు, థర్మామీటర్ లేదు, అరచేయే కొలత. ఆ మొగలి వేళ్ళే ఇసుకను పట్టి ఉంచుతాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు డొంకలు చాలా పోయాయి. రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం తగ్గింది. పోయిన డొంకలు మళ్ళీ వేసుకున్నారు. సముద్రం కనబడటానికి అడ్డమని రిసార్టు కోసం కొట్టేసిన డొంక మాత్రం మళ్ళీ రాదు.

తాబేళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలు దాటాయి. పిల్లలు బయటికి వచ్చేది రాత్రిపూట, వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. చీకటి రాత్రుల్లో ఆ వెలుగు సముద్రానిదే. ఒడ్డున ఫ్లడ్‌లైట్ ఉంటే వెనక్కి, రోడ్డు మీదికి పోతాయి. పురుణబంధ, గోఖరకుద కుర్రాళ్ళు రాత్రంతా కాపలా ఉండి, దారి తప్పినవాటిని బుట్టల్లో ఏరి నీళ్ళల్లో వదులుతారు. నవంబరు నుంచి మే దాకా మొగ ముందు వేట నిషేధం, ఆ భారం మోసేది మత్స్యకారులు. ఆ ఏడు నెలలు వల ఆపుకున్నవాళ్ళు ఊరంతా దీపాలు ఆర్పుకుంటుంటే, ఒక్క లైటు ఆర్పమని హోటళ్ళను అడగడం పెద్ద కోరిక కాదు.

వచ్చేవాళ్ళకి నా మాట: మూడు రోజులు పెట్టుకోండి. ఒకరోజు జౌగడ, తారాతారిణి. ఒకరోజు గంజాం కోట, పాలూరు, రంభ. మూడోరోజు దక్షిణంగా గిరిసోల దాటి, బారువ మీదుగా కళింగపట్నం, శాలిహుండం. తాబేళ్ళ కాలంలో వస్తే అటవీశాఖవాళ్ళు చెప్పిన దూరంలోనే ఉండండి, ఫోన్ లైటు వేయకండి. గోపాల్‌పూర్ సూర్యోదయం ఏ రోజైనా చూడొచ్చు, బరంపురం నుంచి ఆటోలో అరగంట.

జిల్లా యంత్రాంగానికి ఒక కోరిక. ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి, పాత సర్వే పటాలు ఉన్నాయి. గోపాల్‌పూర్, ఆర్యపల్లి, పొడంపేట, రామయపట్నం ఒడ్డుల్లో 1990లో, 2000లో, 2010లో, 2020లో పోటు గీత ఎక్కడుందో కొలిచి, ఆ నాలుగు చోట్లా సంవత్సరం చెక్కిన రాతి స్తంభాలు పాతించండి. నీళ్ళల్లోకి వెళ్ళిపోయిన గీతకి నీళ్ళ ఎదురుగా గట్టు మీద పలక పెట్టి, ఎన్ని మీటర్ల దూరంలో ఉండేదో ఒడియాలో, తెలుగులో రాయండి. కొత్త రిసార్టుకి అనుమతి అడిగేవాళ్ళని ముందు ఆ స్తంభాల దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తర్వాత ఫైలు తెరవండి.